‘బాగుండాం’ అన్న మాట వెనుక



పుట్టపర్తి బజారులోనైనా, కొత్తచెరువు బస్టాండులోనైనా, బుక్కపట్నం చెరువు కట్ట మీదైనా మన వాళ్లు ఇద్దరు ఎదురుపడితే మొదట పలికే మాట ఒకటే. “ఏమప్పా, బాగుండావా?” దానికి జవాబు కూడా ఒకటే. “ఆ, బాగుండాన్నా.” బెంగళూరులో కట్టడం పనికి పోయిన కొడుకు ఫోన్ చేసినా ఇదే. కువైట్‌లో ఇంటి పనికి పోయిన తల్లి వీడియో కాల్‌లో బిడ్డల ముఖం చూసినా ఇదే. ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం గుమ్మం దగ్గర నేను అడిగినా, మీరు చెప్పేది ఇదే. “బాగుండాం అయ్యగారూ.”

ఈ మాట అబద్ధమని నేను అనను. అది మర్యాద. ఎదుటి మనిషి మీద మన బరువు వేయకూడదని చెప్పే మాట. అయితే ఆ మాట విని మనం “సరే, వాళ్లు బాగున్నారు” అనుకుని ఇంటికి వెళ్లిపోతున్నాం. మనుషులు మనకు అర్థమయ్యారని అనుకుంటున్నాం. ఒక మనిషి మనసు ఇంకొక మనిషికి ఎంతవరకు తెలుస్తుంది? దీని గురించి వాక్యం ఏం చెబుతుందో, ఈ కరువు సీమలో అది మనకు ఎందుకు ప్రాణాల మీది సంగతో ఈరోజు ఆలోచిద్దాం.

ఒకే మాట, రెండు అర్థాలు

ముందుగా మన భాషలోనే ఒక మాట తీసుకుందాం. “పాపం.” పుల్పిట్ మీద పాస్టరు ఈ మాట పలికితే దేవుని ఆజ్ఞను మీరడం అని మీకు అర్థమవుతుంది. అదే మాట వీధిలో ఎవరైనా పలికితే? “అయ్యో పాపం, ఆయమ్మకు ఎంత కష్టమొచ్చె!” అక్కడ అది జాలి. ఒకే మాట ఒక చోట తప్పు పడుతుంది, ఇంకొక చోట కన్నీరు తుడుస్తుంది. చెప్పేవాడు ఏ అర్థంతో చెప్పాడో, వినేవాడు ఏ అర్థంతో విన్నాడో ఆ ఇద్దరి మధ్య ఉన్న సంబంధాన్ని బట్టి ఉంటుంది.

ఒకే భాష వాళ్ల మధ్యే ఇంత తేడా ఉంటే, భాష మారితే ఎంత ఉంటుందో చూడండి. మన చేతిలో ఉన్న తెలుగు బైబిలు ఊరకే రాలేదు. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ ఇప్పటికి దాదాపు 300 ఏళ్ల కిందట లేఖనాలను తెలుగులోకి మార్చాడు. ఆ ప్రతి అచ్చుకు నోచుకోలేదు. 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చి, తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి సహాయంతో మళ్లీ మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు. వాళ్లు చేసిన సువార్తలు 1812లో సెరాంపూర్‌లో అచ్చయ్యాయి. కొత్త నిబంధన 1818లో వచ్చింది. ఆ తర్వాత కూడా పండితులు, మిషనరీలు కూర్చుని మాట మాటకూ సవరణలు చేస్తూనే వచ్చారు.

ఎందుకు అన్నిసార్లు? ఒక మనసులోని సంగతి ఇంకొక మనసులోకి వెళ్లేటప్పుడు దారిలో కొంత జారిపోతుంది. దాన్ని ఎరిగినవాళ్లు గనుకనే వాళ్లు మళ్లీ మళ్లీ అడిగారు. “ఈ మాట వింటే మీకు ఏం తోస్తుంది?” అని తెలుగువాళ్లను అడగకుండా ఏ మిషనరీ కూడా ఒక్క అధ్యాయం పూర్తి చేయలేడు.

పెంతెకొస్తు దినాన పరిశుద్ధాత్మ దిగివచ్చినప్పుడు ఎవరి భాషలో వారికి దేవుని గొప్ప కార్యాలు వినబడ్డాయి (అపొ. కార్యములు 2). మన జిల్లాలో ఇది సులభంగా అర్థమవుతుంది. మడకశిర వైపు పోతే కన్నడం, కదిరిలో ఉర్దూ, తండాల్లో సుగాలి మాట. అయితే అదే అధ్యాయంలో ఇంకొక సంగతి ఉంది. అంత గొప్ప అద్భుతం జరిగిన రోజు కూడా కొందరు శిష్యులను చూసి, వీళ్లు తాగి ఉన్నారని ఎగతాళి చేశారు. చెవికి మాట అర్థమైనంత మాత్రాన మనిషి అర్థమైనట్టు కాదు.

గుమ్మం దగ్గర కూర్చున్న యాజకుడు

తాగి ఉన్నారనే నింద అంతకు ముందు ఒక స్త్రీ మీద కూడా పడింది. ఆమె హన్నా (1 సమూయేలు 1). ఆమె షిలోహు మందిరంలో ప్రార్థన చేస్తోంది. పెదవులు కదులుతున్నాయి గానీ గొంతు వినబడటం లేదు. యాజకుడైన ఏలీ గుమ్మం దగ్గర కూర్చుని ఆమె నోటినే చూస్తున్నాడు. చూసి, ఈమె ద్రాక్షారసం తాగి వచ్చిందని తేల్చేశాడు.

ఏలీ మందిరంలోనే ఉన్నాడు, అన్ని సంవత్సరాలుగా ప్రార్థించేవారిని చూస్తూనే ఉన్నాడు. అయినా తన ఎదుట ఉన్న మనిషి లోపల ఏం జరుగుతోందో అతనికి తెలియలేదు. నోటిని చూశాడు, అంతే. దేవుని సేవకులం మనం, మనుషుల్ని చూడగానే పోల్చుకుంటాం అనుకునే ప్రతి పాస్టరూ, ప్రతి సంఘ పెద్దా ఈ అధ్యాయం మళ్లీ చదవాలి.

ఏలీ అయితే బయటివాడు. హన్నా భర్త ఎల్కానా ఆమెను ప్రేమించినవాడు. ఆమె ఏడుస్తూ తినకుండా కూర్చుంటే దగ్గరికి వచ్చి ఎందుకు ఏడుస్తున్నావని అడిగాడు. మంచిదే. కానీ ఆమె నోరు తెరవకముందే జవాబు కూడా తానే చెప్పాడు. పదిమంది కొడుకుల కంటే నేను నీకు ఎక్కువ కదా అన్నాడు. ఆమె ఏం చెబుతుంది? అక్కడ హన్నా భర్తకు జవాబు చెప్పినట్టు వాక్యంలో లేదు. లేచి మందిరానికి వెళ్లింది.

ఏలీ విషయంలో ఒక మేలు మాత్రం జరిగింది. హన్నా వినయంగా తన సంగతి చెప్పుకుంది. తాను మనోదుఃఖంతో ఉన్నానని, దేవుని ఎదుట మనసు విప్పుకుంటున్నానని చెప్పింది. ఏలీ అది విన్నాడు. వాదించలేదు. సమాధానంతో వెళ్లమని దీవించాడు. ఆమె వెళ్లి భోజనం చేసింది, ముఖం తేరుకుంది. ఆమె బాధ అతనికి పూర్తిగా అర్థమైందని కాదు. ఆమె దేవుణ్ణి ఏం అడిగిందో కూడా అతనికి తెలియదు. చెప్పింది వినడానికి అతను సిద్ధపడ్డాడు, అంతే. ఆ రోజుకు అది చాలింది.

బోరు ఎండిపోతే ఎవరి పాపం?

ఇప్పుడు మన సీమ సంగతికి వద్దాం. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. రాష్ట్రంలో అతి తక్కువ మనకే. ఆ పడేది కూడా పైరుకు కావలసినప్పుడు పడదు. జూన్, జూలైలో నాలుగు చినుకులు పడితే శెనక్కాయ విత్తుతాం. ఊడలు దిగే సమయానికి ఆకాశం మొండికేస్తుంది. విత్తనం అప్పు, ఎరువు అప్పు, బోరు అప్పు. మన కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లు ఆ రాతి పగుళ్లలో ఉంటాయి. ఒకచోట వేసిన బోరులో రెండించుల నీళ్లు వస్తాయి, దానికి ఇరవై అడుగుల దూరంలో వేసిన దాంట్లో పొడి దుమ్ము లేస్తుంది. ఇది భూమి స్వభావం.

అయితే మన మధ్య కొందరు ఏమంటున్నారు? “వాని బోరు ఎందుకు ఎండిపోయిందో దేవునికి తెలుసులే.” “దశమభాగం సరిగా ఇయ్యలేదేమో.” “ఇంట్లో ఏదో రహస్య పాపం ఉంటాది.” నేను ఈ మాటలు గట్టిగా ఖండిస్తున్నాను. ఇవి యోబు స్నేహితుల మాటలు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు దూరం నుంచి వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు యోబుతోపాటు నేల మీద కూర్చున్నారు, ఒక్కమాట కూడా మాట్లాడలేదు (యోబు 2). ఆ ఏడు రోజులు వాళ్లు చేసింది గొప్ప పరిచర్య. ఎనిమిదో రోజు నుంచి వివరించడం మొదలుపెట్టారు. బిడ్డల్ని పోగొట్టుకున్న తండ్రితో, నీ బిడ్డలే పాపం చేసి ఉంటారు అనే దాకా వెళ్లాడు బిల్దదు (యోబు 8). చివరకు దేవుని కోపం ఎవరి మీద రగిలింది? వాళ్ల మీదే (యోబు 42).

పుట్టు గుడ్డివాణ్ణి చూసినప్పుడు శిష్యులు కూడా ఎవరు పాపం చేశారని అడిగారు (యోహాను 9). అతడూ కాదు, అతని తల్లిదండ్రులూ కాదు అన్నాడు ప్రభువు. మన భాషలోని ఆ మాటకు రెండు అర్థాలు ఉన్నాయని చెప్పుకున్నాం కదా. “ఏం పాపం చేశాడో” అని అడిగిన చోట మనం “అయ్యో పాపం” అనవలసింది.

చెప్పుకోలేని మనిషి

ఈ సంగతి ఇంత గట్టిగా రాయడానికి ఒక కారణం ఉంది. మన జిల్లా పేరు దేశమంతా తెలిసింది కరువుతో పాటు రైతుల ఆత్మహత్యల వల్ల కూడా. ఊరిలో అలాంటి మరణం జరిగినప్పుడల్లా ఇరుగుపొరుగు ఒకటే మాట అంటారు. “నిన్న సాయంత్రం కూడా బాగానే మాట్లాడినాడే!”

అవును, బాగానే మాట్లాడి ఉంటాడు. ఎందుకు చెప్పుకోలేదు? ఎవరితో చెప్పాలి? అప్పిచ్చినాయన అదే ఊరివాడు, కొన్నిసార్లు అదే సంఘంవాడు. కూడికలో నిలబడి ప్రార్థన అంశంగా చెబితే రేపటికి అది టీ అంగట్లో చర్చ అవుతుంది. కూతురికి సంబంధాలు చూస్తున్నారు, ఇల్లు అప్పులో ఉందని తెలిస్తే ఆ సంబంధం పోతుంది. భార్యకు చెబితే ఆమె కుంగిపోతుందని భయం. విశ్వాసి అయితే ఇంకొక భయం కూడా. “విశ్వాసం లేదు” అంటారని. ఇన్ని తలుపులు మూసి ఉన్నప్పుడు అతను “బాగుండాను” అనక ఏమంటాడు? అతను మౌనంగా ఉన్నాడని నిందించే ముందు, అతను మాట్లాడటానికి మనం ఎంత చోటు ఇచ్చామో సంఘంగా మనల్ని మనం ప్రశ్నించుకోవాలి.

కొందరు అడగవచ్చు. “అయ్యగారూ, దేవుని ఆత్మ బయలుపరుస్తాడు కదా? వరం ఉన్నవాళ్లకు మనుషుల మనసు తెలుస్తుంది కదా?” దేవుడు బయలుపరచగలడు, నేను కాదనను. కానీ మనుషుల హృదయాలు ఎరిగినవాడు ఆయన ఒక్కడే అని సొలొమోను దేవాలయ ప్రతిష్ఠ రోజు ఒప్పుకున్నాడు (1 రాజులు 8:39). మనిషి సంగతులు అతనిలో ఉన్న ఆత్మకే తెలుసని పౌలు రాశాడు (1 కొరింథీ 2:11). కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పొలమంతా తిరిగి, ఇక్కడ నీళ్లున్నాయని చూపించేవాళ్లు మన దగ్గర ఉన్నారు. వాళ్ల మాట నమ్మి బోరు వేసి మునిగినవాళ్లూ ఉన్నారు. మనిషి గుండె లోపల ఏముందో పైనుంచే చెప్పేస్తానని తిరిగేవాళ్ల దగ్గర కూడా అంతే జాగ్రత్తగా ఉండండి.

ప్రభువైన యేసును చూడండి. మనిషి లోపల ఏముందో ఎవరూ ఆయనకు చెప్పనక్కరలేదు, ఆయనకే తెలుసు (యోహాను 2:25). అయినా ఆయన బర్తిమయిని పిలిచి, నేను నీకేమి చేయాలని కోరుకుంటున్నావు అని అడిగాడు (మార్కు 10). గుడ్డివాడికి ఏం కావాలో చూసినవాళ్లందరికీ తెలుసు. ఆయన ఎందుకు అడిగాడు? ఆ మనిషి గొంతు వినాలని. అప్పటిదాకా జనం అతణ్ణి నోరు మూసుకోమని గద్దించారు. అన్నీ తెలిసిన ప్రభువే అడిగితే, ఏమీ తెలియని మనం అడగకుండా ఎలా తీర్పు చెబుతాం?

రెండోసారి అడిగిన దేవుడు

1 రాజులు 19వ అధ్యాయం మన సీమ కోసమే రాసినట్టు ఉంటుంది. ఏలీయా ఎడారిలో ఒక చెట్టు కింద కూర్చుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడిగాడు. ప్రవక్త! కర్మెలు కొండ మీద అగ్నిని దింపిన మనిషి! విశ్వాసం ఉన్నవాళ్లకు అలాంటి తలంపు రాదు అనేవాళ్లు ఈ వచనం దగ్గర ఆగాలి.

దేవుడు అతణ్ణి గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్రపోతే మళ్లీ వచ్చి తినమన్నాడు, ప్రయాణం నీ శక్తికి మించింది అన్నాడు. ఆ తర్వాత హోరేబు కొండ దగ్గర దేవుడు అడిగాడు, ఏలీయా, ఇక్కడ ఏం చేస్తున్నావు? అతను తన బాధ చెప్పాడు. గాలి, భూకంపం, అగ్ని దాటిపోయాయి. దేవుడు మళ్లీ అదే ప్రశ్న అడిగాడు. ఏలీయా మళ్లీ అదే జవాబు, దాదాపు అవే మాటలు చెప్పాడు. దేవుడు రెండుసార్లూ విన్నాడు. అప్పుడు అతనికి పని అప్పగించాడు, ఎలీషాను తోడుగా ఇచ్చాడు, నువ్వు ఒంటరివి కావు, ఇంకా ఏడు వేల మంది ఉన్నారని చెప్పాడు.

దీన్ని బట్టి మన సంఘాలకు నా మనవి ఇది.

మొదటిది, రెండోసారి అడగండి. “బాగుండావా?” అని అడిగి, “బాగుండా” అన్న తర్వాత వెళ్లిపోకండి. పక్కన కూర్చోండి. “నిజంగా ఎట్లుండావన్నా? నిద్ర పడతాందా? బువ్వ తింటాండావా?” అని అడగండి. చనిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడగడానికి కూడా భయపడకండి. అడిగితే లేని తలంపు పుడుతుందన్నది అపోహ.

రెండోది, “నీ బాధ నాకు తెలుసు” అనకండి. మనకు తెలియదు. హృదయంలోని చేదు ఆ హృదయానికే తెలుసని సామెతలు 14:10 చెబుతోంది. “నాకు తెలీదు, నువ్వు చెప్పు, నేను వింటా” అనండి.

మూడోది, విన్నది మీ దగ్గరే పెట్టుకోండి. ఎవరి అప్పునూ, ఎవరి ఇంటి గొడవనూ ప్రార్థన అంశం పేరుతో బయట పెట్టవద్దు. పెద్దలూ, స్త్రీల కూడిక నడిపేవాళ్లూ దీన్ని నియమంగా పెట్టుకోవాలి. అయితే ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే దాన్ని ఒక్కరే మోయకండి. ఇంటి మనిషికో, డాక్టరుకో చెప్పి, ఆ మనిషిని ఒంటరిగా వదలకండి.

నాలుగోది, ప్రార్థనతో పాటు చేయగలిగింది చేయండి. దూత రొట్టె తెచ్చాడు కదా. బ్యాంకుకు తోడు వెళ్లడం, అప్పిచ్చినాయనతో గడువు కోసం మాట్లాడటం, ఆసుపత్రికి తీసుకెళ్లడం ఇవన్నీ పరిచర్యే. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఫోన్ సేవ ఉంది. నంబరు 14416. ఖర్చు లేదు, రాత్రి పగలు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. మీ ఫోన్‌లో ఇప్పుడే రాసి పెట్టుకోండి. పోలీసు కేసు అవుతుందని భయపడి దాచిపెట్టే కుటుంబాలు ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అలాంటి ప్రయత్నం చేసిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలి, సంరక్షణ ఇవ్వాలి. శిక్షించడానికి కాదు.

“పక్కనున్న దానివి, నీకు తెలీలేదా?”

చివరగా ఒక మాట. ఇన్ని చేసినా కొన్నిసార్లు మనకు తెలియదు. ఈ హద్దు మనుషులందరికీ ఉంది. దీన్ని మనం ఒప్పుకోవలసింది ముఖ్యంగా ఆ ఇంటి వాళ్ల కోసం.

భర్త అలా పోయిన ఇంటికి పరామర్శకు వెళ్లినవాళ్లు ఆ భార్యను ఏమడుగుతున్నారో మీరు విన్నారు. “ఒకే ఇంట్లో ఉండి నీకు తెలీలేదామ్మా? ఏమన్నా అన్నావా?” అప్పటికే ఆమె తన్ను తాను రోజుకు నూరుసార్లు అడుక్కుంటున్న ప్రశ్న అది. దాన్ని మన నోటితో ఇంకొకసారి వేయడం క్రూరత్వం. కలిసి బ్రతికినా, కలిసి తిన్నా ఒక మనిషి లోపల కొంత చోటు దేవునికి తప్ప ఎవరికీ తెరుచుకోదు. అమ్మా, ఇది చదువుతున్న నీకు చెబుతున్నాను. నీకు తెలియకపోవడం నీ నేరం కాదు. ఎల్కానా హన్నాను ప్రేమించాడు, అయినా అతనికి తెలియలేదు. ప్రేమ ఉన్నా తెలియకపోవచ్చు.

అలా పోయినవానికి మందిరంలో సమాధి ప్రార్థన చేయాలా అని అడిగేవాళ్లకు కూడా ఇదే నా జవాబు. ఆ చివరి గడియలో అతని మనసులో ఏం జరిగిందో, దేవునితో ఏం మాట్లాడాడో మనకు తెలియదు. తెలియని దాని మీద మనం తీర్పు రాయకూడదు. తలుపు తెరుద్దాం, ఆ బిడ్డల పక్కన నిలబడదాం. తీర్పు హృదయాలను ఎరిగినవాని చేతిలో ఉంది, ఆయన కనికరం గలవాడు.

ఇప్పుడు మనం ఒకరినొకరం మసక అద్దంలో చూసినట్టు చూస్తున్నాం. ఒక రోజు ముఖాముఖిగా చూస్తాం, పూర్తిగా ఎరుగుతాం అని పౌలు భక్తుడు నిరీక్షణ ఇచ్చాడు (1 కొరింథీ 13:12). అంతవరకు మాటలు చాలని చోట ఆత్మ తానే మన పక్షంగా మూలుగుతున్నాడు (రోమా 8:26). మీకు చెప్పుకోవడానికి మాటలు రాకపోయినా ఆయన దగ్గర కూర్చోవచ్చు. చెప్పుకోవాలని ఉంటే ఏ వేళనైనా నా దగ్గరికి రండి. నేను వింటాను.

ప్రార్థన: పరలోకమందున్న తండ్రీ, మా కూర్చుండుటా, మా లేచుటా ఎరిగినవాడా, మేము ఒకరినొకరం సగం కూడా ఎరగమని ఒప్పుకుంటున్నాం. అడిగే నోరు, వినే చెవి, దాచుకునే మనసు మాకు దయచేయండి. ఈ రాత్రి ఎవరికీ చెప్పుకోలేక నిద్ర లేకుండా ఉన్న ప్రతి రైతు దగ్గరికి, ప్రతి తల్లి దగ్గరికి మీ దూతను పంపండి, మాలో ఎవరినైనా పంపండి. యేసు నామమున వేడుకుంటున్నాము తండ్రీ. ఆమేన్.